మూడు కుడికి, రెండు పైకి

"కాపీ కొట్టిందని ఒప్పుకోండి. లేదంటే ఏడాదిపాటు పరీక్షలు రాయనివ్వరు," అంటూ లెక్కల మాస్టారు జవాబు పత్రాన్ని బల్ల మీదికి తోశారు. ప్రైవేటుగా పదో తరగతి కట్టినవాళ్ళ పత్రం. దాని మీద పేరు ఉండదు, నంబరే.

నోటీసు పట్టుకొచ్చినావిడ దర్జీ. మెడలో కొలతల టేపు అలాగే వేలాడుతోంది. కూర్చోమని ఎవరూ అనకపోయినా కుర్చీ లాక్కుని కూర్చుంది.

"ఒప్పుకునేది లేదు. కాపీ ఎక్కడుందో చూపించండి."

"ఇదిగో. ఎక్స్ స్క్వేర్ మైనస్ ఆరు ఎక్స్ ప్లస్ పదకొండు. ఈ పరావలయానికి శీర్షం, అంటే వంపులో అట్టడుగు బిందువు, కనుక్కోమన్నాం. సూత్రం ఊసే లేదు. 'మూడు కుడికి, రెండు పైకి' అని గీకి, జవాబు మాత్రం ఠక్కున దించేసింది. పక్కవాళ్ళది చూడకుండా ఎలా వస్తుంది? మీ అమ్మాయిని ఊరికే వెనకేసుకురాకండి."

"పక్కవాళ్ళెవరైనా ఇలా రాశారా?"

మాస్టారు మిగతా పత్రాల కట్ట తిరగేశారు. ఆ గదిలో మిగతా అందరూ సూత్రమే రాశారు.

"మరి లేనిది చూసి ఎలా రాస్తారండీ?" ఆవిడ గొంతు పెంచింది. "ఒక కాయితం ఇవ్వండి."

కాయితాన్ని మధ్యకి మడిచి, జాకెట్టు మెడ కత్తిరించినట్టు ఒక్క వంపు కత్తిరించింది. విప్పితే రెండు వైపులా సరిసమానం. గళ్ళ కాయితం మీద, సున్నా దగ్గర దాని అడుగు ఆనించింది.

"ఇది ఒట్టి ఎక్స్ స్క్వేర్. ఎక్స్ మైనస్ మూడుకి వర్గం చేస్తే ఆరు ఎక్స్ పోయి తొమ్మిది చేరుతుంది. మీ పదకొండులో తొమ్మిది పోతే రెండు. అందుకే మూడు గళ్ళు కుడికి, రెండు పైకి." వంపును జరిపింది. "ఆకారం అదే, చోటు మారిందంతే. అడుగు ఎక్కడుందో మీరే చూడండి."

మాస్టారికి పంతం పట్టింది. "అయితే ఎక్స్ స్క్వేర్ ప్లస్ నాలుగు ఎక్స్ ప్లస్ ఒకటి?"

ఆవిడ పెదాలు కదిపి లెక్క వేసుకుంది. వంపును ఎడమకి రెండు, కిందికి మూడు జరిపింది.

"ప్లస్ అయితే కుడికి కదా వెళ్ళాలి?"

"నన్ను తికమక పెట్టకండి మాస్టారూ. ఎక్స్ ప్లస్ రెండు సున్నా కావాలంటే ఎక్స్ విలువ మైనస్ రెండు కావాలి. అడుగు అక్కడే."

"సూత్రం మాత్రం రాదన్నమాట!"

"వచ్చు. దాని అవసరం రాలేదు."

మాస్టారు ఆ వంపును తన చేత్తో ఒకసారి జరిపి చూశారు. ఇరవై ఏళ్ళుగా సూత్రం వల్లె వేయించిన మనిషి. చివరికి ఫిర్యాదు కాయితం చింపేసి, ఎర్ర పెన్నుతో పూర్తి మార్కులు వేశారు.

"పొరపాటు నాదేనమ్మా. మీ అమ్మాయిని ఒకసారి తీసుకురండి. ఆ బుర్రని కళ్ళారా చూడాలి."

"తీసుకొస్తాను గానీ, దానికింకా మూడేళ్ళు. పది దాకా లెక్కపెట్టడమే రాదు," అంటూ ఆవిడ లేచింది. "ఈ పరీక్ష రాసింది నేను."