పిలిస్తే వచ్చింది

బస్టాపులో నలుగురిని కరిచిన ఆ కుక్క, కుక్కల్ని పట్టే మున్సిపాలిటీ వలవాడికి మూడు రోజులుగా చిక్కడం లేదు. చివరికి అతను ఎదురుగా బట్టలు కుట్టే ముసలమ్మను బతిమాలాడు.

"నువ్వు పిలిస్తేనే వస్తుందటమ్మా."

ఆమె మిషన్ ఆపి, బయటికొచ్చి మెట్టు మీద కూర్చుంది.

"రారా, కన్నా."

అందరి మీదా ఎగబడే కుక్క తోక ఊపుకుంటూ వచ్చి ఆమె ఒడిలో తల పెట్టింది. వల పడింది. అప్పుడు కూడా అది ఆమె చెయ్యే నాకింది.

"గుండె రాయి చేసుకున్నావమ్మా," అన్నాడతను.

"మొన్న కరిచింది నా మనవరాలినే, నాయనా. చెంప మీద పన్నెండు కుట్లు. ఇవాళ పొద్దున్నే పిల్ల నోరు విప్పింది."

"ఏమంది?"

"'నానమ్మా, దాన్ని ఎవరూ కొట్టలేదు కదా?' అని అడిగింది. ఇప్పుడు ఆసుపత్రికి ఏ మొహం పెట్టుకుని వెళ్లను?"