తొమ్మిదేళ్ళ చొక్కా

ఇవాంథియా చొక్కాను మరోసారి దులిపి ఓక్ కొమ్మకు తగిలించింది. ప్యాంటూ బెల్టూ పక్కనే వేలాడుతున్నాయి. తొమ్మిదేళ్ళ కిందట ఆమె మొగుడు స్తాథిస్ విప్పి వెళ్ళిన బట్టలవి. ఏటా చిరుగులు కుట్టి, బెల్టుకు నూనె రాసి, వానకు పాడవకుండా కాపాడుకొచ్చింది.

"బకిల్ కూడా తళతళలాడుతోంది వదినా," అన్నాడు మరిది లియాస్, భుజాన తుపాకీ సర్దుకుంటూ. "తొమ్మిదేళ్ళు తోడేలుగా తిరిగాడు కదా, అన్నకి కోపం కాస్తయినా తగ్గుంటుందిలే."

ఆమె కణత మీది మచ్చను జుట్టుతో కప్పుకుంది.

లీకయో కొండ మీద వేట ఊరికే రాదు. అడవి గ్రీకుల పెద్దదేవుడు జ్యూస్‌ది. పందుల్నీ కుందేళ్ళనీ కొట్టుకోనిచ్చినందుకు పదేళ్ళకోసారి వేటగాళ్ళ ఇళ్ళలోంచి ఒక మనిషిని అడుగుతాడు. చీటీలో పేరొచ్చినవాడు బట్టలు విప్పి ఈ చెట్టుకు తగిలించి ఎదురుగా ఉన్న మడుగు ఈదాలి. అవతలి గట్టున తోడేలై లేస్తాడు. తొమ్మిదేళ్ళూ మనిషి మాంసం ముట్టకపోతే ఈదుకుంటూ తిరిగొచ్చి తన బట్టలు తొడుక్కుంటాడు. ముట్టాడా, ఇక బతుకంతా తోడేలే. ఇలాంటి షరతులు పెట్టడానికి దేవుళ్ళకు సిగ్గుండదు.

ఆకలితో మనుషుల మీద పడకూడదని ఇవాంథియా ప్రతి ఆదివారం మేకమాంసం కొట్టి అవతలి గట్టున పెట్టి వచ్చేది. మంచు కురిసినా మానలేదు. ఊళ్ళో అత్తలంతా ఆమెను చూపించి కోడళ్ళను దెప్పేవారు.

మధ్యాహ్నానికి దేవతల దూత హెర్మీస్ మోటార్ సైకిల్ మీద దిగాడు. జ్యూస్ తరఫున సాక్షి ఆయనే. హెల్మెట్ తీసి, కాఫీ ఏమైనా దొరుకుతుందా అని అడిగాడు. చూడ్డానికి చేరిన ఊరివాళ్ళెవరూ కదల్లేదు. అవతలి గట్టున తోడేలు నిలబడి ఉంది.

అది నీళ్ళలోకి దూకింది. రా అన్నా, రా అని లియాస్ గొణుగుతున్నాడు. ముందు తల, తర్వాత మెడ, ఆపైన వీపు ఒడ్డెక్కాయి. అన్నీ బొచ్చుతోనే.

హెర్మీస్ వంగి దాని నోరు వాసన చూశాడు. "మనిషి మాంసం తిన్నాడు. ఒక్క ముక్కే. అయినా తిన్నట్టే."

"మా అన్న ఎవర్నీ చంపలేదు స్వామీ," అన్నాడు లియాస్. "చుట్టుపక్కల ఏ ఊళ్ళోనూ మనిషి పోలేదు."

"చంపాడని నేననలేదే," అన్నాడు హెర్మీస్.

తోడేలు ఇవాంథియాను చూసి పళ్ళు బయటపెట్టి గుర్రుమంది. తర్వాత మళ్ళీ నీళ్ళలో పడి, ఈదుకుంటూ అడవిలోకి వెళ్ళిపోయింది.

లియాస్ బావురుమంటూ వదిన ఎడమచెయ్యి పట్టుకున్నాడు. రెండేళ్ళ కిందట మాంసం కొడుతుంటే కత్తి జారి చిటికెన వేలు తెగిపోయిన చెయ్యి అది. ఇంత పాటుపడితే నీకు మిగిలింది ఇదా అని ఏడ్చాడు. ఇవాంథియా కూడా ఏడ్చింది. ఆమె ఏడుపు చూసి ఊరంతా కళ్ళు తుడుచుకుంది.

హెర్మీస్ ఆ చేతినే చూస్తూ హెల్మెట్ పెట్టుకున్నాడు. దొంగలకు దేవుడాయన, పల్లెత్తు మాట అనకుండా బండి ఎక్కాడు.

రెండేళ్ళ కిందటి ఆ ఆదివారం కత్తి జారలేదు.