నల్ల బూజుకు కొత్త పేరు

రాజేశ్వర్ రావు సారు భోజనానికి ఒప్పుకున్నాడంటే సుభాషిణికి సగం పీహెచ్‌డీ చేతికొచ్చినట్టే.

మిగతా సగంతోనే చిక్కు. ఆకుల మీద బతికే నల్ల బూజుల కుటుంబం ఆమె పరిశోధన. ఏటూరునాగారం అడవిలో తనకు దొరికిన బూజు ఇంతవరకు ఎవరూ వర్ణించని కొత్త జాతి అంటుంది ఆమె. అదేం లేదు, ఎప్పుడో పుస్తకాలకెక్కిన పాతదేనంటాడు ఎగ్జామినర్ రాజేశ్వర్ రావు. ఆయన సంతకం లేక థీసిస్ ఆగిపోయింది.

వేరే పని మీద వరంగల్ వచ్చిన సారును బతిమాలి ఇంటికి తీసుకొచ్చింది. డిపార్ట్‌మెంట్ బీరువాకు చెదలు పట్టడంతో శాంపిల్స్ ఇంట్లోనే, పాత పేపర్ల మడతల్లో దాచుకుంది. మళ్లీ తెచ్చుకుందామంటే ఆ బూజు దొరికిన చెట్టును రోడ్డు వెడల్పులో కొట్టేశారు. ఉన్నవి అవే.

"ముందు శాంపిల్ చూపించమ్మా, ఒక్క నిమిషం పని" అన్నాడు సారు, జేబులోంచి లెన్స్ తీస్తూ.

"ముందుగాల బువ్వ తినుండ్రి సారూ. శాంపిలేడికి పోతది?" అంది సుభాషిణి అత్తగారు యాకమ్మ.

పాలకుర్తి పక్క ఊరి నుంచి నిన్ననే దిగిందామె. చేతులు ఊరికే ఉంచుకోలేని మనిషి. పెద్ద సారు వస్తున్నాడని కోడికూర, పచ్చిపులుసు చేసింది. స్టీలు పళ్లెంలో పెడితే మర్యాదగా ఉండదని విస్తరి వేసింది.

సారు విస్తరి వైపు చూసి మొహం చిట్లించాడు.

"ఇదేందమ్మా, నిండా నల్ల మచ్చలు?"

"తుడిచిన సారూ. పోతలెవ్వు."

"పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి ఆకులే చూస్తున్న. ఇసొంటి మచ్చలు ఎన్నడూ చూడలేదు. తీసెయ్."

వంటింట్లో అప్పడాలు వేయిస్తున్న సుభాషిణికి నూనె చిటపటల్లో 'తీసెయ్' ఒక్కటే వినిపించింది. ప్రాణం ఉసూరుమంది. ఆకలి మీద కోపమొచ్చిన మనిషి ఇక సంతకమేం పెడతాడు?

స్టీలు పళ్లెం వచ్చాక సారు చల్లబడ్డాడు. కోడికూర మారు కూడా అడిగాడు. చెయ్యి కడుక్కుని, లెన్స్ తుడుచుకుని, "ఏదమ్మా నీ కొత్త జాతి?" అన్నాడు.

సుభాషిణి కట్ట విప్పింది. ఒక్కో పేపరూ తిరగేసింది. అన్నీ ఖాళీ. 

సారు చిన్నగా నవ్వి లెన్స్ మళ్లీ జేబులో వేసుకున్నాడు.

"అత్తమ్మా, ఈ పేపర్లల్ల మోదుగాకులు ఉండాలె. చూసినవా?" సుభాషిణికి ఏడుపొక్కటే తక్కువ.

"ఫికర్ జేయకు బిడ్డా, యాడికి పోలే" అంది యాకమ్మ తాపీగా. "ఇసొంటి మచ్చలు ఎన్నడూ సూడలేదని సారు తీసెయ్యమన్న ఇస్తరి, వాటితోని కుట్టిందే."