కొత్తల్లుడు తెచ్చిన చీజ్

“నేను తెచ్చిన బ్లూ చీజ్ ఏదత్తా?” ఫ్రిజ్ తలుపు పట్టుకుని అడిగాడు ఏడుకొండలు. చెన్నై హోటల్లో వంటమాస్టరు, ఈ ఇంటికి కొత్తల్లుడు.

“తినేసినా,” అంది మస్తానమ్మ, చేపల పొలుసు తీస్తూ.

“అంతానా! ఎట్లుండింది?”

“బూజు పట్టుండింది.”

“మరెందుకు తిన్నావు?”

“పారేస్తే నలుగురూ చూస్తారు. కొత్తల్లుడు చెడిపోయింది తెచ్చినాడంటారు. పిల్లికేస్తే ముట్టలా. ఇంక నేనే తిన్నా. నీ పెళ్లానికి గూడా చెప్పలా. అంగడోడు నిన్ను మోసం చేసినాడు నాయనా.”

ఆ బూజే దాని రుచి అని, తింటే ఏమీ కాదని చెప్పడానికి ఏడుకొండలు నోరు తెరిచాడు. నోట్లో ఆ కంపు పోవాలని మస్తానమ్మ ఇంకో గ్లాసు మజ్జిగ పోసుకుని గడగడా తాగింది.

“ఈసారి చూసి తెస్తానత్తా,” అన్నాడు.