సదివి పెట్టప్పా

కవరు చేతిలో పడగానే చిన్నమ్మలు దాన్ని అటూ ఇటూ తిప్పింది.

"సదివి పెట్టప్పా," అంది కాసులమ్మ, అక్కని బతిమాలినట్టు. బెల్లం మార్కెట్టులో పని వదిలేసి పరుగెత్తుకొచ్చింది. మోచేతుల దాకా బెల్లం జిడ్డు. "నా పైడిరాజు కాడ్నించంట. మిలట్రీ ముద్దరంట."

చైనావాళ్లతో యుద్ధం మొదలై నెల కావస్తోంది. కాసులమ్మకి ఒక్కడే కొడుకు. పదిరోజులుగా ఆమె గుక్కెడు గంజి తప్ప ఏమీ ముట్టలేదు.

"పోస్టుమేన్ మౌలా సాహెబుని అడక్కపోయేవా?"

"ఆయన సదవడంట. యుద్ధం వచ్చిన్నాటి నుంచి ఎవలి ఉత్తరమూ సదవనని ఒట్టెట్టుకున్నాడు. నా సేతిలో ఎట్టేసి సైకిలెక్కేసేడు."

ఇన్నాళ్లూ పేటలో ఉత్తరాల భారం ఆయనదే. ఇవాళ అది చర్చిలో వాక్యం చెప్పే చిన్నమ్మలు నెత్తిన పడింది.

కాసులమ్మ తోడికోడలు అప్పలనర్సమ్మ గుమ్మంలోనే ఆగింది. "కవరు మూలలకి పసుపు లేదు. శుభమైతే పసుపు రాత్తారు," అని గొణిగింది.

"మిలట్రీలో పసుపెక్కడిదే, నీ నోట్లో మన్నెయ్య!" కాసులమ్మ కసిరింది.

చిన్నమ్మలు కవరు చింపింది. ఒక్కటే కాగితం. సగం కూడా నిండలేదు. పైనుంచి కిందకి చూసింది. మళ్లీ చూసింది. కళ్లలో నీళ్లు తిరిగాయి.

"ఏటప్పా? సెప్పు! నా కొడుకు లేడా?"

కాసులమ్మ గోడ పట్టుకుని అలాగే కిందకి జారిపోయింది. పెదాలు తెల్లబడ్డాయి. ఊపిరి ఎగదన్నుతోంది.

నాలిక మీదే చావూ ఉంది, బతుకూ ఉంది. మొన్న ఆదివారం చర్చిలో ఆ మాట చెప్పింది చిన్నమ్మలే. అబద్ధమాడే నాలిక ప్రభువుకి గిట్టదని చెప్పిందీ ఆమే.

"ఉన్నాడే," అంది. "బతికే ఉన్నాడు. శానా బాగున్నాడు."

"మరేటి ఏడుత్తన్నావు?"

"సంతోసానికే, పిచ్చిదానా."

"అయితే మాట మాటా సదువు."

చిన్నమ్మలు కాగితాన్ని మొహానికి దగ్గరగా పెట్టుకుంది. "అమ్మా, భయపడకుము. నేను క్షేమముగా నున్నాను. నా చేయి విడువనివాడు నాకు తోడై యున్నాడు..."

"మీవోడు పాస్టరుగారైపోనాడేటే?" అప్పలనర్సమ్మ పకపకా నవ్వింది.

కాసులమ్మ నవ్వలేదు. "గేదె ఈనిందని రాయించేను గదా. దాని మాట అడిగేడా?"

చిన్నమ్మలు కాగితం మీద వేలు కిందకి జరిపింది.

"అడిగేడు. ఎన్ని పాలిత్తందో రాయమన్నాడు."

అంతే. కాసులమ్మ భోరుమంది. ఏడుస్తూనే నవ్వింది. కళ్లు తుడుచుకుని, "ఆకలేత్తందప్పా," అంది. చిన్నమ్మలు తెచ్చిచ్చిన చద్దన్నం కుండ ముందేసుకుని, ఉల్లిపాయ నంజుకుంటూ అడుగుదాకా ఊడ్చేసింది.

లేచి వెళ్లబోతుంటే చిన్నమ్మలు ఆమె చెయ్యి పట్టుకుంది.

"ఈ కాగితం నా దగ్గరుండనీ. ఇంకెవలికీ సూపించకు."

"ఇంకెవలికెందుకు? నువ్వు సదివేవు గదా."

ఇద్దరూ వెళ్లాక చిన్నమ్మలు తలుపు గడియ వేసింది. మోకాళ్లూని కాగితాన్ని గుండెకి హత్తుకుంది.

"ప్రభువా, నేనన్న మాట నిజం చెయ్యి."

పదిహేనేళ్లుగా చర్చిలో బైబిలు విప్పుకుని నిలబడి, విన్న వాక్యాలు విన్నట్టు అప్పజెప్పడమే గాని, చిన్నమ్మలుకి ఒక్క అక్షరమూ రాదు.