మెట్ల కింద పోచమ్మ

పాత గుడి ఉన్న గోడను సర్కారు ముట్టదని ఎవరో చెప్పారు. బొంబాయి కామాఠిపురాలో తాముండే చాల్‌ను, ఆ పాత గదుల వరసను, కూల్చేవాళ్లు వచ్చే పొద్దున, బుచ్చన్న మెట్ల కింద నల్లరాయిని నిలబెట్టి, పసుపు పూసి, బొట్లు పెట్టాడు.

ఆఫీసరు బూట్లు విడిచాడు. నడుమ అరిగిన రాయిని తడిమి, "బహుత్ పురానా హై. ఇంత పాతదానికి కానూన్ ఉంది," అని చుట్టూ తాడు కట్టించాడు.

"మరి మా ఖోలీ, సాబ్? మేముండే అర్ర?" అన్నాడు బుచ్చన్న.

"అది పడిపోయేటట్టుంది. ఖాళీ చేయండి. మీకు వర్లిలో గది ఇస్తారు."

సాయంత్రానికి చాల్ నేలమట్టమైంది. పోచమ్మ, వెనక గోడముక్క మిగిలాయి.

మూటలు కట్టుకున్న భార్య రాజవ్వ తాడు దాటబోతే పోలీసు కర్ర అడ్డం పెట్టాడు.

ఆమె మొగుడి వైపు తిరిగింది.

"ఇల్లు నిలబెడ్తనంటివి. మీ అవ్వ కాలం నుంచి కారం నూరే బండ గూడ సర్కారు పాలు జేస్తివి. ఇగ వర్లిల మిరపకాయలు నీ నెత్తి మీద నూరాల్నా?"