వేళ్ళ గుర్తులు

పుష్పకుమారి మణికట్టు మీద నాలుగు వేళ్ళు నల్లగా తేలాయి.

గాజులు తొడిగి, మిగిలినవి మలారం మూటలో సర్దుకుంటున్న నూర్‌బీ ముందు ఆ చెయ్యి పెట్టి, తల్లి మాలకొండమ్మ నిలదీసింది.

"ఏందమ్మే ఇది? పిల్ల చెయ్యనుకున్నావా, రోకలనుకున్నావా?"

అది అరవై ఒకటో సంవత్సరం, ఎండాకాలం. విడవలూరు పక్కనున్న ఆ ఊరికి నూర్‌బీ రావడం అదే మొదలు. ఎప్పుడూ వచ్చే గాజులాయన మంచాన పడితే, పెళ్ళి కుదిరిన ఇల్లు కదా అని ఎవరో అల్లూరు నుంచి ఈమెను పంపారు. అంత ఎండలోనూ మణికట్టు దాకా చేతుల రవిక. గాజులమ్మే మనిషి, తన చేతికి మాత్రం ఒక్క గాజు లేదు. అరుగు మీద చేరిన ఆడవాళ్ళు అంతకుముందే దానికి ఆమెను ఆటపట్టించారు. "నా చేతులకి గాజులు పడవులే అక్కా" అని ఆమె నవ్వి ఊరుకుంది.

ఇప్పుడు నవ్వలేదు. పుష్ప పావడా అంచు కొంచెం పైకెత్తి చూసింది. పిక్కల నిండా సూదితో పొడిచినట్టు ఎర్రటి చుక్కలు.

"అమ్మణ్ణీ, పళ్ళు తోముకునేటప్పుడు నెత్తురొస్తా ఉందా?"

పుష్ప తల్లి వైపు చూసి, తలూపింది.

"ఏం మందు తాగతా ఉండావు?"

"చలిజ్వరానికి క్వినైన్ మిక్చరు."

"అది మానేయి తల్లీ. ఈ పూట నుంచే మానేయి." నూర్‌బీ మాలకొండమ్మ వైపు తిరిగింది. "మెల్లంగానే తొడిగినానమ్మా, ఇది నా చేతి పని కాదు. పిల్ల నెత్తుట్లో ఏదో తగ్గుండాది. నెల్లూరు పెద్దాసుపత్రిలో చూపించండి."

అరుగు మీది ఆడవాళ్ళంతా ఆ మాట విన్నారు.

మాలకొండమ్మ వాళ్ళ వైపు చూసింది. ముహూర్తం పెట్టుకున్నారు. పిల్లకు నెత్తురు జబ్బన్న మాట ఆ నోటా ఈ నోటా మగపెళ్ళివారి చెవిన పడితే ఇంకేమన్నా ఉందా?

"పిల్ల చెయ్యి నలిపేసి, పైగా రోగం అంటగడతావా? లెయ్యి. ముందు ఆడ్నించి లెయ్యి."

లేచేదాకా ఆగలేదు. దండచెయ్యి పట్టుకుని అరుగు మీంచి ఒక్క గుంజు గుంజింది. నూర్‌బీ తూలింది. తల అరుగు స్తంభానికి తగిలింది. పెద్ద దెబ్బేం కాదు, చప్పుడు కూడా సరిగా రాలేదు.

నూర్‌బీ కాసేపు తల పట్టుకుని నిలబడింది. కిందపడి పగిలిన గాజుముక్కలు, ఎవరి కాల్లోనన్నా గుచ్చుకుంటాయని, ఒక్కొక్కటీ ఏరింది. మలారం భుజాన వేసుకుంది.

"ఆ మందు మాత్రం తాగనీబాకండమ్మా," అంటూనే వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రం మాలకొండమ్మ పంతానికి మందు గ్లాసు తనే తెచ్చి కూతురి చేతికిచ్చింది. తల్లి అటు తిరగ్గానే పుష్ప దాన్ని కనకాంబరాల మొదట్లో పోసేసింది.

మర్నాడు పుష్పకు ముక్కు నుంచి నెత్తురు మొదలైంది. తల మీద చన్నీళ్ళు పోశారు. గుడ్డలు తడుస్తున్నాయే గానీ ఆగలేదు. మాలకొండమ్మ పెళ్ళి సంగతే మర్చిపోయింది. మొగుడూ పెళ్ళాలిద్దరూ పిల్లను బస్సులో నెల్లూరు తీసుకెళ్ళారు.

డాక్టరు వేలి కొసన సూది గుచ్చి, కాగితంతో అద్దుతూ గడియారం చూశాడు. ఎంతసేపు అద్దినా ఎరుపే. ఒక చుక్కను గాజుపలక మీద పరిచి మైక్రోస్కోపులో చూశాడు.

"నెత్తురు గడ్డకట్టాలంటే ప్లేట్‌లెట్లని సన్న కణాలుండాలమ్మా. ఈ పిల్లకి అవి దాదాపు లేవు. అందుకే కాస్త ఒత్తితే చాలు, నలుపెక్కుతుంది."

"ఎందుకట్ట బాబూ?"

"కొందరికి ఎందుకొస్తుందో తెలియదు. దెబ్బ తగలకుండా చూసుకుంటూ ఏళ్ళ తరబడి అట్లాగే బతుకుతారు. ఈ పిల్లకి క్వినైన్ పడలేదు. ఇంకా పోస్తున్నారా?"

మాలకొండమ్మ నోరు తెరిచేలోగా పుష్ప అంది: "లేదు సార్. గాజులామె చెప్పిన పొద్దే మానేసినా. చెట్లకి పోస్తా ఉండా."

"బతికిపోయావు. ఇంకా తాగుంటే తలలో నెత్తురు చిమ్మేది. ఈ జబ్బులో తలకి చిన్న దెబ్బ తగిలినా ప్రాణం మీదికొస్తుంది."

సీసాలో నిలవున్న నెత్తురులో ఆ కణాలు బతకవని, తండ్రి నుంచి అప్పటికప్పుడు తీసిన నెత్తురు ఎక్కించారు. ప్రెడ్నిసొలోన్ బిళ్ళలిచ్చారు. ముక్కు నుంచి నెత్తురు ఆగింది. చుక్కలు మెల్లగా మాసిపోయాయి.

పుష్ప లేచి కూర్చుని అన్నం అడిగిన రోజు, మాలకొండమ్మ మంచం కోడు పట్టుకుని ఏడ్చింది. అరుగు మీద తను చేసిన పని గుర్తొచ్చి సిగ్గుతో చితికిపోయింది.

ఇంటికి రాగానే చీర, పండ్లు సంచిలో పెట్టుకుని అల్లూరు బస్సెక్కింది. కాళ్ళు పట్టుకునైనా సరే, పెళ్ళికి నూర్‌బీ చేతే గాజులు తొడిగించాలనుకుంది.

గుమ్మంలోకి నూర్‌బీ చెల్లెలు బీజాన్ వచ్చింది.

"అక్క లేదమ్మా. విడవలూరు పక్కకి గాజులు అమ్మేదానికి పొయ్యొచ్చి, తలనొప్పని పడుకునింది. తెల్లారి లెయ్యలా."

మాలకొండమ్మ సంచి గుమ్మం పక్కన దించింది.

"చిన్నప్పటినుంచీ నెత్తురు జబ్బమ్మా మా అక్కకి. మద్రాసులో చూపించినా ఎందుకొచ్చిందో తెలీలా. క్వినైన్ జోలికి మాత్రం పోబాకన్నారు. గాజు ఒరుసుకున్నా నలుపెక్కేది. అందుకే వేసుకునేది కాదు."

మాలకొండమ్మ కుడిచెయ్యి కొంగు కింద దాచుకుంది.

"స్నానం చేయించేటప్పుడు చూసినాం, దండచేతి మీద నాలుగు వేళ్ళు నల్లంగా తేలుండాయి." బీజాన్ కళ్ళు తుడుచుకుంది. "పాపం, అక్క పడిపోబోతా ఉంటే ఎవురో మంచి మనిషి పట్టుకునుంటారు."